బావంచాల ఎక్స్‌ట్రాక్ట్‌కి క్యాన్సర్ సెల్స్ చచ్చిపోయాయి. మరి మందు దొరికినట్టేనా?

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీరు అడిగింది క్లుప్తంగా రాస్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బావంచాలనే మందుగింజలు పొడి కొట్టి మిథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీశారు. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ సెల్స్ మీద 48 గంటలు ఉంచి, ఎన్ని సెల్స్ బతికున్నాయో చూసే ఎంటీటీ పరీక్ష చేశారు. ఐసీ50, అంటే ఆ రీడింగ్‌ని సగానికి తగ్గించే మోతాదు, మిల్లీలీటరుకి 85 మైక్రోగ్రాములు వచ్చింది. ఎక్స్‌ట్రాక్ట్‌లో ఏ పదార్థాలున్నాయో చూపే జీసీ-ఎంఎస్ యంత్రంలో 23 పేర్లు వచ్చాయి. వాటిలో నాలుగింటికి డాకింగ్, అంటే అణువు ప్రోటీన్‌కి ఎలా అతుకుతుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం, చేస్తే ఒకదానికి మైనస్ 9.1 స్కోరు పడింది (మైనస్ ఎంత పెద్దదైతే అంత గట్టిగా అతుకుతుందని అంచనా). "దీన్ని కొత్త యాంటీక్యాన్సర్ కాంపౌండ్ అనొచ్చా? తర్వాత ఏం చేయాలి?" అన్నది మొదటి ప్రశ్న. రొమ్ము క్యాన్సర్‌కి మాత్రలు వాడుతున్న మీ పిన్నిగారికి ఈ గింజల పొడి ఇవ్వొచ్చా అన్నది రెండోది.

రెండోదానికి ముందే చెప్పేస్తున్నాను, ఇవ్వకండి. కారణం చివర్లో రాస్తాను, ఎందుకంటే మీరు చేసిన ప్రయోగంలోనే అది దాగి ఉంది.

మొదటిదానికీ జవాబు "ఇంకా అనకూడదు" అనే. అయితే నిరుత్సాహపడాల్సిన పని లేదు. ఇరవై ఏళ్ళకు పైగా మొక్కల రసాయనాలతోనే నా బతుకు గడిచింది, మొదటి ఎంటీటీ ప్లేట్ చూసి నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు.

గింజ అంటే మొక్క తన బిడ్డకి కట్టిచ్చిన సద్దిమూట. నూనె, పిండి, ప్రోటీన్ అన్నీ అందులోనే ఉంటాయి. అంత తిండి ఒకచోట ఉంటే పురుగూ ఎలుకా బూజూ ఊరుకోవు కదా, అందుకని చాలా మొక్కలు ఆ మూటలోనే విషాన్నీ కాపలా పెడతాయి. ఆముదం గింజలో రైసిన్ ఉంటుంది. ఒక్క రైసిన్ అణువు సెల్ లోపలికి చేరితే ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను నిమిషానికి సుమారు 1500 పాడుచేయగలదు. గురివింద గింజలోని ఏబ్రిన్ కూడా ఆ కోవదే. అగ్నిశిఖ గింజల్లో కాల్చిసిన్ ఉంటుంది. క్యాన్సర్ మందు విన్‌క్రిస్టీన్ పట్టుకునే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌నే ఇదీ పట్టుకుంటుంది. అయినా కాల్చిసిన్ గౌట్ మందుగా మిగిలింది తప్ప క్యాన్సర్ మందు కాలేకపోయింది. పనిచేసే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య ఎడం బాగా తక్కువ. అంటే గింజ ఎక్స్‌ట్రాక్ట్ వేస్తే ప్లేట్‌లో సెల్స్ చచ్చిపోవడం వింత కాదు. ఏది చంపింది, ఎంత మోతాదులో చంపింది, మంచి సెల్స్‌ని వదిలిపెట్టిందా, ఇవి తేలాలి.

ఇప్పుడు మీ ఎంటీటీ సంగతి. ఆ పసుపు రంగు ద్రావణం బతికున్న సెల్స్‌లోని ఎంజైముల వల్ల ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుతుంది, ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని సెల్స్ బతికున్నట్టు. 1983లో మోస్మాన్ ఈ పద్ధతి రాసినప్పటి నుంచి అందరం వాడుతున్నాం. ఎంజైములే కాదు, ఫినాల్ జాతి పదార్థాలు చాలావరకు తామే ఎంటీటీని ఊదాగా మార్చేస్తాయి. రేపు ల్యాబ్‌కి వెళ్ళగానే ఒక ప్లేట్ తీసుకుని ఒక వరుసలో సెల్స్ లేకుండా మీడియా, అంటే సెల్స్‌ని పెంచే ద్రవం, మాత్రమే పోయండి. మీ ఎక్స్‌ట్రాక్ట్‌ని అవే మోతాదుల్లో వేయండి. ఎంటీటీ కలిపి నాలుగు గంటలు ఇంక్యుబేటర్‌లో పెట్టి తీయండి. ఎక్కువ మోతాదు వేసిన వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) అడుగున సన్నటి ఊదా పొర కనబడిందంటే, అక్కడ ఒక్క సెల్ లేకపోయినా యంత్రం "బతికున్నాయి" అని చెప్పినట్టే. అప్పుడు మీ 85 అనే అంకె తప్పు. అసలు ఐసీ50 అంతకంటే తక్కువైనా కావచ్చు, అంటే ఇది మీకు శుభవార్త కూడా కావచ్చు. ఏదైనా తెలుసుకోవాలి కదా.

ఇంకో సంగతి. ఊదా తగ్గినంత మాత్రాన సెల్ చచ్చిందని కాదు. పెరగడం ఆపి ఉండొచ్చు, మైటోకాండ్రియా మందగించి ఉండొచ్చు. అందుకే చచ్చిన సెల్స్‌కి మాత్రమే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టడమో, సెల్స్‌లోని ప్రోటీన్‌ని కొలిచే ఎస్ఆర్‌బీ పరీక్షో తోడుగా పెట్టుకోండి. మీ గైడ్ ఒప్పుకుంటే కాలనీ పరీక్ష చేయండి. మందు తీసేశాక పది రోజులకి ఎన్ని సెల్స్ మళ్ళీ కాలనీలు కడతాయో అది చూపిస్తుంది, దాన్ని మోసం చేయడం కష్టం.

మీరు "నార్మల్ సెల్స్" అని హెక్-293 అనే సెల్స్ వాడామని రాశారు. అవి అడినోవైరస్ డీఎన్‌ఏ ఎక్కించి మార్చిన సెల్స్. నార్మల్ అన్న మాట వాటికి అతకదు. రొమ్ము క్యాన్సర్ సెల్స్‌కి జోడీగా ఎంసీఎఫ్-10ఏ అనే క్యాన్సర్ కాని రొమ్ము సెల్స్ దొరికితే మేలు. సెల్ లైన్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో, ఆ సెల్స్ నిజంగా అవేనా అని డీఎన్‌ఏతో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష ఉందో లేదో కూడా అడగండి. ఎండీఏ-ఎంబీ-435 అనే లైన్‌ని ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లైన్ అని తేలింది.

ఇక 85 మైక్రోగ్రాములు అనే అంకె. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పాత కొలత ప్రకారం క్రూడ్ ఎక్స్‌ట్రాక్ట్‌కి ఐసీ50 20 నుంచి 30 మైక్రోగ్రాముల లోపు ఉంటే ముందుకు వెళ్ళదగ్గదిగా చూస్తారు. ప్యూర్ కాంపౌండ్ అయితే సుమారు 4 లోపు ఉండాలి. ఆ గీత గుడ్డిగా పట్టుకోమని నేననను. ఎక్స్‌ట్రాక్ట్‌లో అర శాతం ఉన్న పదార్థం ఒంటరిగా గొప్పగా పనిచేయొచ్చు. కానీ 85ని "పొటెంట్" అని థీసిస్‌లో రాస్తే వైవాలో మీకే ఇబ్బంది.

జీసీ-ఎంఎస్ లిస్ట్ చూడగానే నవ్వొచ్చింది, క్షమించండి. హెక్సాడెకనోయిక్ యాసిడ్, 9,12-ఆక్టాడెకాడైనోయిక్ యాసిడ్, ఒక థాలేట్. ఏ మొక్క ఏ భాగం పెట్టినా ఈ ముగ్గురు అతిథులు పిలవకుండానే వస్తారు. మొదటి రెండూ పామిటిక్, లినోలిక్ ఆమ్లాలు, అంటే గింజ నూనె. స్వేచ్ఛగా ఉన్న లినోలిక్ ఆమ్లం ఎక్కువైతే ప్లేట్‌లో సెల్స్‌ని అది కూడా చంపుతుంది, దానికి మందుగుణం అక్కర్లేదు. మూడోది ప్లాస్టిక్‌లోంచి దిగిన కల్తీ అయ్యే అవకాశమే ఎక్కువ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు వారాలు కాలమ్ (పదార్థాలను విడదీసే గాజు గొట్టం) మీద కాలమ్ వేసి ఒక చక్కటి తెల్లటి ఫ్రాక్షన్ (విడదీసిన భాగం) తీశాను. అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్‌లో 7.7, 7.5 దగ్గర రెండు అందమైన పీకులు, 4.2 దగ్గర ఇంకోటి వచ్చాయి. పక్క బెంచీలో సీనియర్ స్పెక్ట్రమ్ ఇలా తిప్పి చూసి, "ఏ సీసా మూత వాడావు?" అని అడిగారు. అంతే, అది ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్. ఇప్పటికీ 7.7 దగ్గర పీకు కనిపిస్తే నా గుండె ఒకసారి గుబేలుమంటుంది.

దీనికి తోడు జీసీ-ఎంఎస్ ఆవిరయ్యే పదార్థాలను మాత్రమే చూస్తుంది. చక్కెర తగులుకున్న గ్లైకోసైడ్లు, పెద్ద అణువులు దాని కంట పడవు. యంత్రంలో దాచిన పాత రికార్డులతో పోలిక (లైబ్రరీ మ్యాచ్) 62 శాతం అని వస్తే అది పేరు కాదు, ఊహ. డాకింగ్ గురించి ఒక్క ముక్కే చెబుతాను. ఆ ప్రోటీన్‌లో అసలు అతుక్కుని ఉండే అణువుని (లిగాండ్‌ని) తీసి మళ్ళీ డాక్ చేస్తే పాత చోటికే, 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (అణువుల దూరాలకి వాడే కొలత) లోపు తేడాతో వచ్చిందా లేదా చూసుకోండి. రాకపోతే మైనస్ 9.1కి విలువ లేదు, వచ్చినా అది ఊహ కిందే లెక్క. చంపింది ఏ పదార్థమో తెలియకముందే దానికి టార్గెట్ వెతకడం పెళ్ళికి ముందే పిల్లాడికి పేరు పెట్టినట్టు ఉంటుంది.

సరే, ఏం చేయాలో చెబుతాను. గింజల దగ్గర మొదలుపెట్టండి. ఎక్కడ సేకరించారు, ఎప్పుడు, మొక్కని బోటనీ వాళ్ళు గుర్తించారా, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు దాచే చోట) నమూనా పెట్టారా? పొడి రూపంలో తెచ్చుకున్నది అయితే పక్కన పడేసి గింజలుగా తెచ్చుకోండి. పొడిలో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. బావంచాల్లో ఇంకో తమాషా ఉంది. మనం గింజ అనేది నిజానికి కాయ, లోపలి ఒకే గింజకి పైతొక్క అతుక్కుని ఉంటుంది. తొక్కనీ పప్పునీ విడిగా ఎక్స్‌ట్రాక్ట్ చేసి చూడండి. విసుగు పుట్టించే పని, కానీ ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒక దోసెడు గింజలు తెల్ల కాగితం మీద పరిచి భూతద్దంతో చూడండి. బూజు ఉందా? ఇది నేను బాగా దెబ్బ తిన్న విషయం. ఒకసారి వేరే గింజల మొదటి బ్యాచ్ అద్భుతంగా పనిచేసింది. ఏడు నెలలు దాని వెంటే తిరిగాం. రెండో ఏడు అదే చోట, అదే చెట్ల నుంచి తెచ్చిన గింజల్లో ఏమీ లేదు. పాత సంచి అడుగున మిగిలిన గింజలు తీసి చూస్తే ఆకుపచ్చ బూజు. మేము అంతకాలం వెంటపడింది బూజు చేసిన పదార్థం, మొక్కది కాదు. తడి సరిగ్గా ఆరకముందే సంచి మూతి కట్టేశాం, తప్పు మాదే.

గింజలు శుభ్రంగా ఉంటే పొడి చేసి, ముందు హెక్సేన్‌తో నూనె లాగేయండి. మీరు నేరుగా మిథనాల్ వేశారు కాబట్టే ద్రావకాన్ని ఆవిరిచేసే రోటావేపర్ ఫ్లాస్క్‌లో ఎంతకీ ఆరని జిగురు ముద్ద మిగిలి ఉంటుంది, అవునా? అది సరిగ్గా తూగదు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో సరిగ్గా కరగదు, మీడియాలో వేయగానే తెల్లటి మబ్బు కడుతుంది. ఆ మబ్బు చుక్కలే సెల్స్ మీద పడి చంపుతూ ఉండొచ్చు. హెక్సేన్ భాగాన్ని మాత్రం పారేయకండి. మీ కేసులో అసలు దొంగ అందులోనే ఉండొచ్చు, ఎందుకో ఇప్పుడే చెబుతాను. మిగిలిన పిండికి మిథనాల్, ఆ ఎక్స్‌ట్రాక్ట్‌ని నీళ్ళలో కలిపి ఇథైల్ ఎసిటేట్‌తో, తర్వాత బ్యూటనాల్‌తో విడదీయండి. ప్రతి భాగాన్నీ తూచండి, ప్రతి భాగాన్నీ సెల్స్ మీద పెట్టండి. ఎంత బరువులో ఎంత చురుకు ఉందో ఖర్చుల పుస్తకం లాగా లెక్క రాయండి. మొదట ఉన్న చురుకు మొత్తం భాగాల్లో కలిపి కనబడాలి. కనబడకపోతే దారిలో ఏదో విరిగిపోయింది, లేదా రెండు పదార్థాలు కలిస్తేనే పనిచేస్తున్నాయి.

ఇక్కడ నా పందెం ఒకటి. మీ సెల్స్‌ని చంపింది చాలామటుకు బకూచియాల్. బావంచాల్లో బాగా ఉండే ఫినాల్ జాతి పదార్థమే ఇది, 1966లోనే వేరు చేశారు. నూనెలో కరిగే రకం కాబట్టి హెక్సేన్‌లోకి దిగుతుంది. మాటవరసకు మీ ఎక్స్‌ట్రాక్ట్‌లో అది పదో వంతు ఉందనుకోండి. 85లో పదో వంతు 8.5 మైక్రోగ్రాములు, అణుభారం 256, అంటే సుమారు 33 మైక్రోమోలార్. ఆ మోతాదులో చాలా ఫినాల్స్‌కి సెల్స్ చస్తాయి. పక్కనే సోరాలెన్, ఐసోసోరాలెన్, బవాచినిన్ ఉంటాయి. వీటి స్టాండర్డ్‌లు (శుద్ధమైన నమూనాలు) కొనడానికి దొరుకుతాయి. కాలమ్ వేయకముందే, పదార్థాలను చుక్కలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేట్ మీద మీ భాగాల పక్కన ఆ స్టాండర్డ్‌లు పెట్టి నడపండి, వీలైతే ఆవిరి కాని పదార్థాలను కూడా చూసే ఎల్‌సీ-ఎంఎస్‌లో కూడా. తెలిసిన పదార్థాన్ని ఏడాది కష్టపడి మళ్ళీ కనుక్కోకుండా కాపాడేది ఈ ఒక్క పూట పనే.

చివరికి బకూచియాల్ అనే తేలితే ప్రాజెక్టు పోయినట్టు కాదు. చురుకు ఎక్కడినుంచి వచ్చిందో నిరూపించినట్టు. స్టాండర్డ్‌లు ఏవీ సరిపోలని ఫ్రాక్షన్ ఒకటి పనిచేస్తే మాత్రం పండగే, దాన్ని 95 శాతం పైగా శుద్ధి చేసి, ఎన్ఎంఆర్‌తో నిర్మాణం తేల్చి, ఆ శుద్ధ పదార్థాన్నే మళ్ళీ సెల్స్ మీద పెట్టాలి. "కాంపౌండ్ దొరికింది" అనే మాట అక్కడ వాడాలి, అంతకుముందు కాదు.

సోరాలెన్ ఉన్న గింజ కాబట్టి ప్లేట్లను చీకట్లో ఉంచండి. అతినీలలోహిత-ఏ వెలుతురు పడితే అది డీఎన్‌ఏ పోగులను ఒకదానికొకటి కుట్టేస్తుంది. చీకట్లో ఒక ప్లేట్, ఆ వెలుతురు పడేలా ఒక ప్లేట్ పెట్టి చూస్తే మీ థీసిస్‌కి ఒక మంచి అధ్యాయం అవుతుంది.

ఆ గుణాన్నే మందుగా మార్చిన కథ ఒకటి నిజంగా ఉంది, అదీ గింజలదే. ఈజిప్టులో బొల్లికి వాడిన అమ్మి మాజస్ మొక్క గింజల్లో మెథాక్సాలెన్ దొరికింది. రోగి రక్తం బయటికి తీసి, తెల్ల కణాలకి ఈ పదార్థం, అతినీలలోహిత-ఏ కలిపి ఇచ్చి మళ్ళీ ఎక్కించే ఫోటోఫెరిసిస్ చికిత్సకి 1988లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. చర్మంలో వచ్చే టీ-సెల్ లింఫోమా అనే క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడతారు. అదే పదార్థాన్ని మింగించి చర్మానికి వెలుతురు పెట్టే చికిత్స ఏళ్ళ తరబడి చేస్తే చర్మ క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుందనీ తేలింది.

ఇలాంటి రెండు ముఖాలకి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఇంకోటి. నేపాళ గింజల నూనెలోని ఫోర్బాల్ ఈస్టర్లు ఎలుకల చర్మం మీద ట్యూమర్లను ఎగదోస్తాయి. ట్యూమర్ ఎలా పెరుగుతుందో చదవడానికి ల్యాబుల్లో దశాబ్దాలుగా వాటినే వాడారు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ వర్షారణ్యంలో ఫాంటేనియా పిక్రోస్పెర్మా అనే చెట్టు ఉంది. దాని గింజల్లోంచి తీసిన టిగిలనాల్ టిగ్లేట్ కూడా అదే రసాయన కుటుంబం, పట్టుకునేదీ పీకేసీ అనే అదే జాతి ఎంజైమునే. కానీ దీన్ని కుక్కలకి వచ్చే మాస్ట్ సెల్ ట్యూమర్ అనే గడ్డలోకి సూదితో ఎక్కిస్తే ట్యూమర్ రక్తనాళాలు దెబ్బతిని గడ్డ నల్లబడి ఊడిపోతుంది. ఒక్క ఇంజెక్షన్‌తో 75 శాతం కుక్కల్లో గడ్డ పూర్తిగా పోయింది, మందు ఇవ్వని గుంపులో 5 శాతం. 2020లో యూరప్, అమెరికా రెండూ పశువైద్యానికి అనుమతించాయి. 2022లో స్టాన్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. మొదలుపెట్టింది దేనితో అనుకున్నారు? నేపాళం గింజల్లో దొరికే ఫోర్బాల్‌తోనే. అణువు మీద రెండు మూడు చోట్ల తేడా, ఫలితంలో ఇంత ఎడం. "ఆ జాతి మొక్క మంచిది" లాంటి మాటలు నేనెందుకు నమ్మనో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నోటి ద్వారా ఇవ్వడం ఇంకా కష్టం. పసుపులోని కర్క్యుమిన్ సంగతి చూడండి. 2001లో వచ్చిన ఒక పరీక్షలో రోజుకి 8 గ్రాములు మింగించినా రక్తంలో సగటున 2 మైక్రోమోలార్ దాటలేదు. ప్లేట్ల మీద మాత్రం 10, 20, 50 వేసి పేపర్లు రాస్తూనే ఉన్నారు. మీ 33ని తలుచుకోండి. చేదు ఆప్రికాట్ పప్పులోని అమిగ్డలిన్ని లేట్రిల్ పేరుతో క్యాన్సర్ మందని ఊదరగొట్టినప్పుడు 1982లో 178 మంది రోగుల మీద పరీక్షించారు. చెప్పుకోదగ్గ మేలు ఎవరికీ కనబడలేదు, కొందరి రక్తంలో సయనైడ్ మాత్రం ప్రమాదపు అంచుకి చేరింది.

ఇక పిన్నిగారి విషయం. ఎంసీఎఫ్-7 సెల్స్‌కి ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉంటుంది, ఈస్ట్రోజన్ ఇస్తే పెరుగుతాయి. సోయాలోని జెనిస్టీన్ ఈ సెల్స్‌ని ఎక్కువ మోతాదులో ఆపుతుంది, ఒక మైక్రోమోలార్ దగ్గర మాత్రం పెంచుతుంది. బకూచియాల్‌తో సహా బావంచాల్లోని కొన్ని పదార్థాలకి ఈస్ట్రోజన్ లాంటి గుణం ఉందని ల్యాబ్ పరీక్షల్లో కనబడింది. మీరు 25 మైక్రోగ్రాముల నుంచి మొదలుపెట్టారు కాబట్టి ఆ కింద ఏం జరుగుతుందో మీ గ్రాఫ్‌లో లేదు. ఫినాల్ రెడ్ (ఈస్ట్రోజన్‌లా కొద్దిగా పనిచేసే రంగు) లేని మీడియాలో, చార్‌కోల్‌తో హార్మోన్లు తీసేసిన సీరమ్‌లో, 0.1 నుంచి 5 మైక్రోగ్రాముల దాకా పెట్టి చూడండి. గీత వంద శాతం పైకి లేస్తే ఆశ్చర్యపోను. పొడి మింగిన మనిషి రక్తంలో చేరేది 85 కాదు, ఆ చిన్న మోతాదే. ఆవిడ వాడే మాత్రలు ఈస్ట్రోజన్‌ని అడ్డుకునేవైతే, ఒక చేత్తో తలుపు వేసి ఇంకో చేత్తో తీసినట్టవుతుంది.

దీనికి తోడు బావంచాలు తిన్నవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఎండ తగిలితే సోరాలెన్ వల్ల చర్మం బొబ్బలెక్కవచ్చు. ఆవిడ ఇప్పటికే నాలుగు రోజులు వాడి ఉంటే ఆపేసి, దాచకుండా ఆంకాలజిస్ట్‌కి చెప్పమనండి. "గింజల పొడే కదా" అని ఆ మాట చెప్పకపోతే, రేపు లివర్ ఎంజైములు పెరిగినప్పుడు డాక్టరు తను రాసిన మాత్రలనే అనుమానించి, పనిచేస్తున్న మందుని ఆపేయొచ్చు.